చేపల్ని చెరువులో వదిలే బాతు

అన్నయ్యా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. ప్రార్థన అయిపోగానే పిల్లలు బొమ్మల సినిమా వెయ్యమని పట్టుబట్టారు. నువ్వు చోడవరం బస్సులో కండక్టరుగా విశాఖ వెళ్ళినప్పుడల్లా, హార్బరు దగ్గర పాత సామాన్ల కొట్టులో బేరమాడి చవగ్గా తెచ్చిన రీళ్ళన్నీ ఆ మాడుగుల హల్వా డబ్బాలోనే ఉన్నాయి. కిటికీలకు దుప్పట్లు కట్టి మధ్యాహ్నాన్నే గది చీకటి చేశాం.

నీ కూతురు మేరీ, చేత్తో తిప్పే నీ పాత ప్రొజెక్టరు మీద బాణం గుర్తు చూసి, హ్యాండిల్ అటే తిప్పింది. గోడ మీద బాతు ఇంట్లోంచి బయల్దేరి, చెరువు దాకా నడిచి, చేపల్ని ఒక్కొక్కటే గుటుక్కున మింగేసింది!

పిల్లలు గగ్గోలు పెట్టారు. "అదేటక్కా, సేపల్ని తినేస్తంది! అది మంచి బాతు కదా!"

ఇన్నేళ్ళూ నువ్వు హ్యాండిల్ వెనక్కి తిప్పావని అప్పుడు తెలిసింది. "సూడండర్రా, కడుపులో సేపల్ని సెరువులో ఎలా వదిలేస్తందో!" అని మా అందర్నీ నమ్మించావు కదా! తెలిసే చేశావా, తెలియకా? ఆ బాతు దయాగుణం గురించి నేను సండే స్కూల్లో పాఠం కూడా చెప్పాను.

వదినకి నవ్వీ నవ్వీ పొలమారింది. ఏడాదిలో ఆవిడ నవ్వడం ఇదే మొదటిసారి.

"ఒసే, నీ బాణం గుర్తు నాకొద్దు. మీ నాన్న తిప్పినట్టే తిప్పు" అంది మేరీతో.

మేరీ వెనక్కి తిప్పింది. చేపలన్నీ చెరువులో పడ్డాయి. బాతు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది.

"మళ్ళీ వెయ్యి" అంది వదిన.