ఎర్రమ్మ అడగమన్న ప్రశ్న

మంగళవారం, బరంపురం

పరిశోధన చేపలు పట్టే ఊరివాళ్ళతో కలిసి చేస్తున్నానని అందరికీ చెప్పుకుంటున్నాను కానీ, ప్రశ్నలన్నీ కాలేజీ గదిలో కూర్చుని నేనే రాసుకున్నాను. ఈ ఉదయం గంజాం తీరంలో చేపలమ్మే ఎర్రమ్మకు మొదటిది చదివి వినిపించాను. "చేపలు ఎందుకు తగ్గాయి?"

ఆమె నెత్తిమీద బుట్ట దించకుండానే అంది. "తగ్గినాయని నీకెవులు సెప్పినారమ్మా? ఎక్కడికో ఎల్లిపోనాయి. ఎక్కడికెల్లినాయో అడుగు, మావోళ్లందరూ వొచ్చి కూకుంటారు."

తల ఊపి వచ్చేశాను. ప్రశ్న మారిస్తే కాలేజీ పరిశోధన కమిటీ ఏమంటుందో, అనుమతులు మళ్ళీ మొదటినుంచి అడగాలేమో. అయినా ఇందాక నాది కొట్టేసి, దాని కింద ఎర్రమ్మది రాశాను.

కాగితం మీదున్న ప్రశ్నలన్నింటిలో నాకు జవాబు తెలియనిది ఇదొక్కటే.