పంచదార బిళ్ళ మీద ఇరవై చుక్కలు

నాన్నా,

అమ్మ పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు, అందరికీ పంచడానికి గోధుమలు ఉడికించాను. అవి తీసుకుని సమాధి దగ్గరికి వెళ్తున్నా. నువ్వు ఆ కొండెక్కి రావద్దు. నిన్న మెట్లెక్కాక గుండె దడదడలాడిందని నాకు చెప్పకుండా పక్కింటి స్తోయ్నా అత్తకి చెప్పావు, బాగానే ఉంది.

స్టవ్ మీద చిక్కుడు గింజల సూప్ ఉంది, వేడి చేసుకో. కాఫీ ఒక్కసారే తాగు. రకియా సారా సీసా ముట్టుకోకు.

మళ్ళీ దడ వస్తే కూర్చుని గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టు. కాసేపట్లో దానంతటదే తగ్గితే ఎంతసేపు ఉందో రాసిపెట్టు, సోమవారం గబ్రోవోలో డాక్టరుకి చూపిద్దాం. దడతో పాటు ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగినా వెంటనే 112కి ఫోన్ చెయ్యి. స్తోయ్నా అత్తకి కాదు. ఆవిడ దడకి వేసే వలేరియన్ మూలిక చుక్కలు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. మన ఇంట్లో ఉన్న ఆ చుక్కల సీసా నేను సింకులో ఒంపేశాను, వెతక్కు.

అమ్మ కూడా పోయిన రోజు చెమటలు కారుతూ ఆ చుక్కలే అడిగింది: "అంబులెన్సు వస్తే వీధంతా చూస్తుంది. పంచదార బిళ్ళ మీద ఇరవై చుక్కలు చాలు." అవి పనిచేస్తాయని అరగంట ఆగాం.

తలుపు గొళ్ళెం పెట్టుకోకు. అవసరమైతే అంబులెన్సు వాళ్ళు లోపలికి రావాలి.

రాలిత్సా

ఇంకో మాట. ఆ చుక్కలు వేసింది నువ్వేనని చర్చిలో అందరికీ చెబుతున్నావట. వేసింది నేను. నువ్వప్పటికి రొట్టె కొనడానికి వెళ్ళి ఇంకా రాలేదు. ఇవాళ గోధుమలు పంచుతూ ఒక్కొక్కరికీ నేనే చెబుతాను. నువ్వు కాదనకు నాన్నా.