ఎడమ పక్క మొహం

తోటపల్లి గూడూరు,
ఆగస్టు నెల

ప్రియమైన సున్నం గోడకు,

తోటపల్లి గూడూరు మండలంలోని సమస్త ప్రజలకూ తెలియజేయడమేమనగా: యాభైకి దగ్గరపడిన ఏ ఆడమనిషీ ఇకమీదట మొహం మీద పౌడరు డబ్బా బోర్లించుకోరాదు. మొహం ఒక ఊరిదీ, మెడ ఒక ఊరిదీ పెట్టుకుని పెళ్లిళ్లకు రారాదు. ఈ ఆజ్ఞ మీరినవారిని రొయ్యల గుంట గట్టు మీద మిట్టమధ్యాహ్నం నిలబెట్టి, పూసింది కారిపోయేదాకా చూసి నవ్వబడును. ఇట్లు, తొమ్మిదో తరగతి తప్పిన వాణి, మండల మొహాల అధికారిణి.

టముకు అయిపోయింది. ఇక మామూలుగా రాస్తాను. కొడవలూరు పెళ్లిలో నిన్ను చూసి నవ్వాను, నువ్వు అలిగి విస్తరి ముందు నుంచి లేచి బస్సెక్కావు. నవ్వినందుకు క్షమాపణ లేదు. ట్రంకు రోడ్డులో అంత పెద్ద ఫ్యాన్సీ షాపులో, మేకప్ కౌంటర్లో నిలబడి ఊరందరికీ రంగులు అమ్మేదానివి, పాతికేళ్లప్పుడు పూసినట్టే ఇప్పుడూ పూస్తే ఎట్లా? చర్మం ఎండిపోయింది. పౌడరు గీతల్లోకి దిగి కూర్చుంటోంది. నాకైతే బొట్టు ఉంది, జనం దాన్ని చూసి మిగతాది వదిలేస్తారు. నీది చర్చికి పోయే బోసి నుదురు. ఒక్క గీత కూడా దాగదు.

నా మాట నువ్వు వినవు. బడిలో సిరా అని చెప్పి నీ పెన్నులో నేరేడు రసం పోయించినప్పటి నుంచీ వినడం మానేశావు. అందుకే ఇది నా మాట కాదు, డాక్టరు మాట. మా గుంటల పక్క తోటను చెన్నై నుంచి ఒక చర్మం డాక్టరమ్మ కొనుక్కుంది. పేరు మీనలోచని. తడ మీదుగా కారులో వారం వారం వస్తుంది. అరవై దాటాయట, మొహం మీద ఈగ వాలితే కాలు నిలవక జారిపోతుంది. నీ సంగతి చెప్పాను. ముందు తడి మొహానికే క్రీము రాయమంది. రాసి, కాఫీ తాగినంత సేపు దాన్ని ముట్టుకోవద్దంది. తర్వాత ఫౌండేషన్ మొహమంతా కాకుండా ముక్కు చుట్టూ, గడ్డం మీదా మాత్రమే, తడి స్పాంజితో అద్దుకోవాలి. రుద్దకూడదు. పౌడరు ముక్కు మీద తప్ప ఎక్కడా వద్దు. రంగును మాత్రం చేతి మీద కాదు, దవడ కింద, షాపు బయటి వెలుగులో చూసుకోమంది.

ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తావు. అందుకే కాగితం. మా మరిది పోలేరయ్య రొయ్యల ఆటోలో తెచ్చి ఇస్తాడు. నీచు వాసన కాగితానిది, నాది కాదు.

నీ మీద నవ్వే హక్కు వేరే ఎవరికీ ఇవ్వని,
వాణి


నెల్లూరు

ప్రియమైన వాణికి,

ప్రభువు పేరిట వందనాలు. నీకు కాదు, మీ డాక్టరమ్మకు.

నువ్వు నవ్వినందుకు నేను లేచి వచ్చేయలేదు. ఆ ముందు రోజే మా ఓనరు సుకుమార్ పిలిచి, “మేకప్ కౌంటర్లో నిలబడే మనిషి మొహమే మన బోర్డక్కా. దసరా లోపల చూస్తా, లేదంటే కింద బకెట్ల సెక్షన్‌కి దిగుదువు” అనినాడు. వాళ్ల నాన్న చేతుల మీద పనిలో చేరినదాన్ని. ఆ కౌంటరు అద్దాలు బిగించేటప్పుడు పక్కన నిలబడి చూసినదాన్ని. నేలమాళిగలో ప్లాస్టిక్ బకెట్ల మధ్య నన్ను ఎవరు చూస్తారే? భానుప్రియ అని కొత్త పిల్లను తెచ్చి పక్కన పెట్టినాడు. ఉత్త నీళ్లతో కడుక్కుని వచ్చినా మెరుస్తుంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఉందని రాస్తే ఆదివారం ప్రార్థనలో ఒప్పుకోవాల్సి వస్తుంది.

డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. మొదటి రోజు ఆగకుండా పూస్తే, పెన్సిలు రాత చెరిపిన రబ్బరు పొట్టులా ఉండలు కట్టింది. రెండోరోజు కాఫీ తాగి మొదలుపెట్టాను. నిలిచింది. రంగు మాత్రం బయట వెలుగులో చూసుకుని బిత్తరపోయాను. ఇన్నేళ్లూ నాకంటే రెండు మెట్లు తెల్ల రంగు పూసుకుంటున్నాను, కొనేవాళ్లకు అమ్మేదీ అదే. నా రంగు పూసుకుని నిలబడితే, కోవూరు నుంచి వచ్చిన ఒకావిడ పెట్టెలు చూడకుండా నన్ను చూసి, “నువ్వేం వాడతావో అదే ఇయ్యమ్మా” అనింది.

కాటుక సంగతి, లిప్‌స్టిక్ సంగతి అడిగి రాయి. డాక్టరమ్మను అడుగు. నువ్వు సొంతంగా ఏమీ కలపొద్దు.

నీ అబిగయీలు


తోటపల్లి గూడూరు

ప్రియమైన కోవూరు వాళ్ల కొత్త సినిమాతారకు,

ఒక్కటి కూడా కలపలేదు, మా గుంటల మీద ఒట్టు. కాటుక కింది రెప్పకు మానెయ్యి, మధ్యాహ్నానికి చెంపల మీదికి దిగి, ఎవరో పోయినట్టు కనబడతావు. పై రెప్పకు సన్నగా చాలు. మెరుపుల పొడి చిన్నపిల్లలకు వదిలేయి, అది ముడతల్లో టార్చిలైటు వేసి చూపిస్తుంది. ఆ ముదురు మెరూన్ లిప్‌స్టిక్ పెదవులను ఇంకా సన్నం చేస్తుంది. ఇటుక రంగుది, కాస్త తడిగా ఉండేది వెయ్యి. బుగ్గల మీద రంగు కిందికి కాదు, ఎముక మీదికి. నుదుటి గీతల జోలికి పోవద్దంది. వాటిని పూడ్చాలని చూసేకొద్దీ లోతవుతాయట.

పెళ్లిలో మనిద్దరం తీయించుకున్న ఫోటో నా ఫోన్లో ఉంటే చూపించాను. డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. నా వైపు వేలు పెట్టి మూసేసి మరీ చూసింది. “ఈమెకు రంగు తగ్గిస్తే చాలు. ఈ మొహాన్ని నడిబజార్లో బోర్డు మీద పెట్టొచ్చు” అనింది. ఉన్నదున్నట్టు రాశాను. నాకు అసూయగా ఉంది.

వేలి కింద మూతపడిపోయిన,
వాణి


నెల్లూరు

ప్రియమైన వాణీ,

నాలుగు ముక్కలే రాస్తాను. ముడతలు తగ్గే క్రీము కొత్తది వచ్చింది. దానికి దసరాకు షాపు ముందు మేడంత బోర్డు పెడుతున్నారు. సుకుమార్ వచ్చి, “అక్కా, నీ ఫోటో కావాల” అనినాడు. అంతకుముందయితే వద్దనేదాన్ని. డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చి సరేనన్నాను. నీలం చీర కట్టుకున్నాను. ఆమె చెప్పినట్టే అన్నీ చేసుకున్నాను, కాఫీ కూడా తాగాను. ఫోటోగ్రాఫరు ఒక్కసారి కూడా “ఇంకొంచెం పౌడరు” అనలేదు.

చర్చిలో రెబెక్కమ్మగారికి చెప్పేశాను. తడ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్న లాజరస్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాను. మొగుడై ఇన్నేళ్లలో మొదటిసారి మారుమాట లేకుండా విన్నాడు.

డాక్టరమ్మకు నా వందనాలు చెప్పు.

నీ అబిగయీలు


తోటపల్లి గూడూరు,
దసరా మర్నాడు

ప్రియమైన బోర్డు మహారాణికి,

ఇంత పెద్దదానివయ్యాక మాకు జాబులు రాయవా? పోలేరయ్య రెండు సార్లు పోయి నువ్వు కౌంటర్లో లేవని తిరిగి వచ్చినాడు. ఫోనూ ఎత్తవు. రేపో ఎల్లుండో నేనే వచ్చి నీ బోర్డు కింద నిలబడి, ఇది బడిలో పెన్నులో నేరేడు రసం పోసుకున్న మనిషేనని అరుస్తాను.

నీ కటౌట్‌కు పాలాభిషేకం చేయబోయే,
వాణి


నెల్లూరు

వాణికి,

రావద్దు. వస్తే ఎటూ చూస్తావు కాబట్టి ముందే రాస్తున్నాను.

బోర్డు మీద రెండు మొహాలున్నాయి. కుడి పక్క భానుప్రియ. దాని కింద ‘క్రీము వాడిన తర్వాత’ అని ఉంది. ఎడమ పక్క నేను. నా కింద ‘వాడక ముందు’ అని ఉంది. అంత జాగ్రత్తగా చేసుకున్న మొహమే అది. నీలం చీర, ఇటుక రంగు లిప్‌స్టిక్, అన్నీ ఉన్నాయి. ఫోటో పాడుచేయలేదు, నల్లబరచలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పెట్టి కింద ఆ మాట రాసినారు.

సుకుమార్‌ని అడిగితే, “ఎంత న్యాచురల్‌గా వచ్చిందక్కా, అందుకే తీసుకున్నా” అని మెచ్చుకున్నాడు. వాడికి తప్పు చేశానన్న సంగతే తెలియదు. బోర్డులో ‘వాడక ముందు’ మొహంగా ఉన్న మనిషి అదే క్రీము అమ్మితే బాగుండదని, మరునాడే నన్ను బకెట్లకు దింపినాడు. లాజరస్ ఆదివారం వచ్చి రోడ్డు మీద నిలబడి చూసి, “ఫోటో బాగుండాది మే” అనినాడు. కింద అక్షరాలు చదివినాడో లేదో నేను అడగలేదు.

ఒక్క సాయం చెయ్యి. మీ డాక్టరమ్మ చేత ఆమె కాగితం మీద ఒక్క వాక్యం రాయించు. ఈ మొహం ‘ముందు’ మొహం కాదు, అని. చదువుకున్న మనిషి మాట, సంతకం ఉంటుంది. సుకుమార్‌కి చూపిస్తాను. బోర్డు తీయకపోయినా, నా సగమన్నా తీస్తాడేమో.

అబిగయీలు


తోటపల్లి గూడూరు

ప్రియమైన అబిగయీలుకు,

వద్దన్నా వచ్చాను. బోర్డు చూశాను. లోపలికి పోయి కౌంటరు ముందు నిలబడి, షాపంతా వినబడేటట్టు భానుప్రియను అడిగాను: “అమ్మాయ్, బయట ఆ ఎడమ పక్క ఆమె మాదిరి కావాల. ఏం పూసుకోవాల?”

ఆ పిల్ల కంగారుపడింది. “అది వాడకముందు ఆంటీ. తర్వాతది కుడి పక్క.”

“కుడి పక్కది నువ్వేగా. బాగుండావులే. నాకు నువ్వొద్దు, ఆమె కావాల.”

పక్కనున్న ఆడవాళ్లు బయటికి తొంగి చూశారు. ఒకావిడ, నిజమే, ఆమే బాగుందనింది. ఇంకాస్త సేపు లాగితే షాపు నాదయ్యేది. అప్పుడు సుకుమార్ వచ్చినాడు. నా మొహం చూసి నవ్వి, “ఆ మొహానికి క్రీమెందుకాంటీ? ఊరికే కూర్చుంటే అదే వస్తుంది” అనినాడు.

అందరూ నవ్వారు. నీ మొహమే బాగుందన్న ఆవిడ కూడా నవ్వింది. ఇంతమందిని నవ్వులపాలు చేసినదాన్ని మే నేను. ఏ మాటైతే వేరేవాళ్ల మీద నేనే వేసి ఉండేదాన్నో, అచ్చం అదే మాట వాడు వేసినాడు.

నేలమాళిగ మెట్ల దాకా వచ్చాను. పైనుంచి నీ పాపిడి కనబడింది. బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూరుస్తున్నావు. మొహానికి ఏమీ పూసుకోలేదు. దిగలేక తిరిగి బస్సెక్కాను. నువ్వు అడిగిన కాగితం నా దగ్గర లేదు, అందుకు.

దొంగ సంతకంతో రాసి పంపుదామని కూర్చున్నాను కూడా. కానీ దాన్ని పట్టుకుని నువ్వు సుకుమార్ ముందు నిలబడతావు, వాడు ఆ పేరు ఫోన్లో వెతుకుతాడు, షాపంతా ఇంకోసారి నవ్వుతుంది. చించేశాను.

క్రీము, కాఫీ, స్పాంజి, కాటుక, అవన్నీ సరైనవే. ఈ ఉప్పు గాలిలో నా మొహం మీద చేసి చూసుకుని, చెడగొట్టుకుని నేర్చుకున్నవి. నీ ఫోటోలో నా వైపు వేలు పెట్టి మూసి, ఈ మొహాన్ని నడిబజార్లో బోర్డు మీద పెట్టొచ్చు అనినది కూడా నిజమే. గట్టు మీద ఒక్కదాన్నే కూర్చుని అన్నాను. నా మాటగా రాస్తే ఎగతాళి అనుకుంటావని ఇంకొకరి నోట్లో పెట్టాను. ఆ మాట నమ్మే నువ్వు ఫోటోకు ఒప్పుకున్నావు.

మా గుంటల పక్కది తోట కాదు, తుమ్మ చెట్ల బీడు. దాన్ని ఎవరూ కొనలేదు. మీనలోచని అనే డాక్టరమ్మ లేదు.

నీ
వాణి