చెట్టున పండిన టమాటా

బావా,

పెరట్లో టమాటాలు దోరకు రాగానే నువ్వు కోసేసి బియ్యం డబ్బాలో మగ్గబెట్టేవాడివి. చెట్టునే పండనిద్దామని నేను పోట్లాడితే, "సెట్టున పండింది కాకిదేనే, మనది కాదు" అనేవాడివి. వల కప్పుదామంటే నీకు కోపం ముంచుకొచ్చేది. "ఏటే, సేపలు పట్టీ వల మొక్కలకా? మరి కూడెలా వస్తాది?"

నువ్వు పోయాక వచ్చిన మొదటి కాపు ఇది. ఈసారి వల కప్పాను. కాకులు చుట్టూ తిరిగి, అరిచి అరిచి పోయాయి. ఇవాళ పొద్దున్న ఒక కాయ తొడిమ దాకా ఎర్రబడి, చెయ్యి వేయగానే ఊడొచ్చింది. కడక్కుండా, ఉప్పైనా అద్దుకోకుండా అక్కడే నిలబడి తినేశాను. ఎంత తీపో!

నా మాటే నెగ్గింది బావా. కప్పింది చిరిగిన వలముక్క కాదు, నువ్వు వేటకు పట్టుకెళ్ళే వలే. దానికిప్పుడు వేరే పని లేదు.