కిటికీకి వీపు పెట్టి

కాల్డర్‌షా,
1886 అక్టోబరు 15, శుక్రవారం.

నా బంగారు చెల్లెలు లెటీకి,

మీ అక్క తబితా నీ నుదుట ముద్దు పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ బావ ఏబెల్, ఆయన కొలిమీ, నా నాలుగు మగ్గాలూ అందరం దేవుడి దయవల్ల కులాసా. నీకు ఒంట్లో నెమ్మదించిందన్న కబురు కోసం రోజూ ఎదురు చూస్తున్నాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న మరిది ఈనాక్ థ్రెల్‌ఫాల్ గారికి నా వందనాలు. నిన్ను పాలపళ్ళు ఊడకముందే మిల్లులోకి తోసేశారు, చదువు అబ్బలేదు. ఆదివారం బడి పుణ్యమా అని నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి. మరిది గారి గొంతు లేకపోతే నా మాట నీకు చేరేదే కాదు. భార్యకు ఉత్తరాలు చదివిపెట్టే ఓపిక ఎంతమంది మొగుళ్ళకు ఉంటుంది చెప్పు?

మరిది గారూ, ఉత్తరం ఈసారి పొడుగే. ఎప్పటిలాగే ముందుగదిలో కిటికీకి వీపు పెట్టి నిలబడండి, వెలుతురు భుజం మీంచి కాగితం మీద పడుతుంది. నావి కోడి గెలికిన అక్షరాలు, ఆ మాత్రం వెలుతురు లేకపోతే కళ్ళు పోతాయి. లెటీ, నువ్వు కుర్చీ కిటికీకి ఎదురుగా జరుపుకో. మంచం పట్టిన ముఖానికి కాస్త వెలుగు తగలనీ. శనివారం టీ మరిది గారే కలిపి ఇస్తారటగా, అదృష్టవంతురాలివి! మీ బావకు కెటిల్ మూత ఎటు తిప్పాలో కూడా తెలియదు. టీ మాత్రం బాగా చల్లారాక తాగు. మగ్గం దగ్గర వేడివేడిగా మింగి నాలుక కాల్చుకునేదానివి, ఇప్పుడు నిన్నెవరూ తరమడం లేదు.

ఇక కబుర్లు. కొత్త షెడ్డు తెరిచారు. లోపల ఆవిరి, బయట చలి, మధ్యలో మేము దగ్గుతూ ఉంటాం. సంఘం మీటింగుకి మొన్న మగాళ్ళకంటే ఆడవాళ్ళమే ఎక్కువ వెళ్ళాం. ఒక పెద్దమనిషి లేచి, ఆడవాళ్ళు కూలికి ఎగబడ్డాకే ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి అని ఏడ్చాడు. అయితే మీ కూలి మాకిచ్చి మీరు వెలిగించుకోండి బాబూ అని నేను అరిచాను. హాలంతా ఒకటే నవ్వు. మీ బావ తల పట్టుకున్నాడనుకో.

కొత్త మేస్త్రి క్లెగ్ సంగతి వింటే పొట్ట చెక్కలవుతుంది. నేత మిల్లు ముఖం చూడని మనిషి. వచ్చిన రోజున మా వరసల మధ్య తిరిగి తిరిగి, చివరికి నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏం నములుతున్నారే అందరూ పొద్దుట్నుంచీ?" అని అడిగాడు. మేం నమలడం ఏమిటి! ఆ హోరులో గొంతు చించుకున్నా పక్కదానికి వినపడదు కనక పెదాలతో మాట్లాడుకుంటున్నాం. అతని ప్యాంటు వెనక చిరిగిన సంగతి ఆ చివర్నించి ఈ చివరికి, మళ్ళీ ఆ చివరికి పోయింది. షెడ్డులో అందరికీ తెలుసు, అతనికి తప్ప.

మరిది గారు నొసలు చిట్లిస్తున్నారని నాకు తెలుసు. పెళ్ళి విందులో ఆయన అన్న మాట మరిచిపోయానా? "కోతుల్లా మూతులు తిప్పుకోవడం ఇక మానాలి. ఇవాళ్టినుంచి లెటీ మిల్లు కూలీ కాదు, గుమాస్తా భార్య" అన్నారు. నిజమేలెండి. ఆఫీసు గదిలో కూర్చుని రాసుకునేవారికి ఆ భాషతో పనేముంది. మాకైతే చెవులు సగం పోయాయి, అదే గతి. కాని లెటీ, నాలుగు మగ్గాలు నడిపిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటే ఎలా ఉంటుందే? ఇక్కడ నీ మగ్గాలు ఎవరికిచ్చినా నాకు కంట్లో నలుసులాగే ఉంది.

పోయిన నెల నిన్ను చూడాలని రైలెక్కి మీ ఊరు హోల్మ్ బ్యాంక్ దాకా వచ్చాను. మరిది గారు గుమ్మంలోనే ఆపి, "నిద్రపోతోంది వదిన గారూ, లేపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు" అన్నారు. తెచ్చిన వోట్ రొట్టెలు ఆయన చేతికే ఇచ్చి తిరిగాను. వీధి మలుపులో వెనక్కి చూస్తే మేడ మీద కిటికీలో నువ్వు కనిపించావు. ఎంత చిక్కిపోయావే తల్లీ! చెయ్యి ఊపాను. నువ్వూ ఏదో నవ్వినట్టున్నావు. రైల్లో దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చాను, దాచుకోవడం ఎందుకు.

మరిది గారూ, ఇక్కడినుంచి లెటీకి వినిపించకండి. మనసులోనే చదువుకోండి. అది జబ్బు మనిషి, ఇది విని తట్టుకోలేదు. కప్పు కడగమనో, బొగ్గు తెమ్మనో వంటింట్లోకి పంపి చదివితే ఇంకా మంచిది.

మంగళవారం మా ఇంటికి ఓర్మెరాడ్ అని ఒక ముసలావిడ వచ్చింది. నల్ల శాలువా, కర్ర, ఒక కంట్లో పువ్వు. మీకు గుర్తుండే ఉంటుంది, పోయిన మీ భార్య డ్రుసిల్లా తల్లి. పెళ్ళి మాటలప్పుడు మీరు, నాకు ఒక భార్య పోయింది, దేవుడి చిత్తం, అన్నారు. మా అమ్మ ఉంటే మీ కోసం కన్నీరు పెట్టుకునేది. ఆవిడేమో ఇద్దరంటోంది. డ్రుసిల్లాకి ముందు ప్రెస్టన్‌లో ఫీబీ అనే భార్య ఉండేదట, ఆమె కూడా కడుపునొప్పితోనే పోయిందట. నేను నమ్మలేదన్నాను. ముసలిమనుషులకు దుఃఖంలో లెక్క తప్పుతుంది కదా అన్నాను.

ఆవిడ ఊరుకోలేదు. డ్రుసిల్లాకి మొదట వాంతులు, తరవాత గొంతులో మంట, తరవాత పిక్కల్లో తిమ్మిర్లు, చివర్లో వేళ్ళకి స్పర్శ పోయిందట. డాక్టరు వచ్చి పొట్టజ్వరం అని రాసి వెళ్ళాడట. మీ డ్రుసిల్లాకి ఎవరు వండి పెట్టేవారు అని అడిగాను. "వంట పక్కింటామె చేసేది. టీ మాత్రం అల్లుడే కలిపేవాడు, ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు" అంది. అంత ప్రేమ చూసి తను మురిసిపోయిందట. మురిసిపోయానమ్మా అంటూ నా పొయ్యి ముందు కూర్చుని గుండెలు బాదుకుంది.

పెళ్ళయిన వెంటనే డ్రుసిల్లా పేరు, మనిషి పోతే ఇంటివాళ్ళకు డబ్బిచ్చే చావుచీటీల సంఘాల్లో, ఒకటికి మూడింట్లో రాయించారట మీరు. ఇందులో తప్పేముంది, కూలి జనం అందరూ సమాధి ఖర్చులకి దాచుకుంటారు అన్నాను. లెటీ పేరు కూడా ఎక్కడైనా రాయించారేమో నాకు తెలియదు. ఆవిడకు తెలుసట.

ఇప్పుడు ఆవిడ మెజిస్ట్రేటు దగ్గరికి పోతానంటోంది. సమాధి తవ్వి చూడండి, ఎలుకల మందు మట్టిలో కూడా పోదు అని ఎవరో చెప్పారట. ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆగు అన్నాను. మా మరిది గారికి ఒక మాట రాయనీ, శనివారం దాకా ఓపిక పట్టు అన్నాను. మన ఇంటి పరువు బజారున పడితే లెటీ ఏమైపోతుంది? ఆవిడ ఒక్కటే అడుగుతోంది. అది మీరు ఇవ్వగలరు. తొందరపడి కాగితం మడవకండి, ఆవిడ కోరిక వెనక వైపు రాశాను.

ఉంటాను మరి. లెటీ తల ఒకసారి నా బదులు నిమరండి.

మీ అందరి క్షేమం కోరే వదిన,
తబితా.

తా.క. ఆవిడ అడుగుతున్నది నీ మెడ, ఈనాక్. ఇక నిన్ను మీరు అననులే. ఆ మర్యాదంతా నువ్వు చదువుతూ నిలబడి ఉండడానికే.

ఆ రోజు మేడ కిటికీలో నా చెల్లెలు నవ్వలేదు. గాజు వెనక నిలబడి పెదాలతో, "అక్కా, టీ తాగితే కడుపులో నిప్పు. ఆయనే కలుపుతాడు. గదికి తాళం వేస్తాడు" అంది. నువ్వు కింద గుమ్మంలో టోపీ తీసి నన్ను సాగనంపుతున్నావు, నీ నెత్తిన అది కేకలు పెడుతోంది. నీకు వినపడలేదు. నేను పళ్ళు బిగపట్టి చెయ్యి ఊపి వచ్చేశాను, అరిస్తే మరునాటికి దాన్ని మిగల్చవని.

మీ ఊరి పోలీసు సార్జెంటు దగ్గరికి వెళ్ళాను. "పెదాలు కదిలాయంటే ఏ కోర్టు వింటుందమ్మా? నా చేతిలో పెట్టగలిగేదేదైనా తెచ్చివ్వు" అన్నాడు. ఇరుగుపొరుగు చూసి మెచ్చుకోవాలని శనివారం దాన్ని కిందికి దించి, తెర తీసిన కిటికీ ముందు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఉత్తరాలు చదువుతావు కదా నువ్వు. ఆ మంచి పేరు కోసం పడే తాపత్రయమే నాకు దారి చూపించింది.

నువ్వు చదువుతున్నంతసేపూ నీ వీపు వెనక, కిటికీ బయట, నేను నిలబడి ఉన్నాను. నీ గొంతు దానికి క్షేమసమాచారాలు చెబుతుంటే నా పెదాలు అసలు సంగతి చెప్పాయి. "టీ చుక్క కూడా గొంతులో పోసుకోకు. కప్పు చేతిలోంచి వదలకు. ఆయన లోపలికి పొమ్మనగానే కప్పుతో సహా పో. పెరటి గేటుకి ఆయన వేసిన తాళం అలాగే ఉంటుంది, మీ బావ గేటునే బందులతో సహా ఊడదీశాడు" అన్నాను. మా భాష సంగతి నీకు దాచలేదు కూడా, ఈనాక్. క్లెగ్ కథ నువ్వే గట్టిగా చదివావు. దాని ముఖం చూసి పసిగట్టలేకపోయానే అనుకుంటున్నావా? మేస్త్రి ఎదురుగా ముఖం కదలకుండా రోజంతా కబుర్లాడిన పిల్ల అది.

ఇదంతా శుక్రవారం రాస్తున్నాను. రేపు ఒక్కసారి నువ్వు కిటికీ వైపు తిరిగితే చాలు, నా చెల్లెలు నాకు దక్కదు. అయినా నీ అలవాట్ల మీదే పందెం కాశాను. లెటీని గదిలోంచి పంపేది నేను కాదు. ఓర్మెరాడ్ పేరు కనపడగానే నువ్వే పంపిస్తావు.

తల ఎత్తి చూడు. కుర్చీ ఖాళీ. కప్పు లేదు. సార్జెంటు వీధి చివర నిలబడి ఉన్నాడు, అతనికి కావలసింది ఈపాటికి అతని చేతిలో ఉంటుంది. ఇంతమంది వస్తే అలికిడైనా కాలేదేమిటా అనుకుంటావేమో. మా షెడ్డు ఆడవాళ్ళమంతా మీ వీధిలోకి చెక్కబూట్లు చేత పట్టుకుని, ఉత్త మేజోళ్ళతో నడిచి వచ్చాం, రాళ్ళ మీద లాడాలు మోగకుండా. లెటీ మా మధ్యకి వచ్చాక తొడుక్కుంటాం. ఓర్మెరాడ్ అందరికంటే ముందు నడుస్తానంది.

విను, ఈనాక్. అవి మా బూట్లే.