పైపుకు ఇచ్చిన చోటు

తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

అమ్మ పోవడానికి కారులో నువ్వు బిగించిన ఇంటర్‌కూలర్ పైపు కారణమా అని అడిగావు. విచారించి తెలియజేస్తున్నాను: పైపులో ఏ దోషమూ లేదు. బండి జోరు పెంచే టర్బో గాలిని ఇంజనుకు చేర్చే బాధ్యతను అది చివరిదాకా నిర్వర్తించింది. అయితే రేడియేటర్ దగ్గర దానికి చోటు చాలక ఇంజనును చల్లబరిచే ఫ్యానును నువ్వు పీకేసిన సంగతి ప్రస్తావించక తప్పదు. "బండి పరిగెడుతుంటే గాలి దానంతటదే తగుల్తుంది, ఫ్యానెందుకు అన్నయ్యా?" అన్నావు. పరిగెత్తినంతసేపూ నీ మాట నిలిచింది.

అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి తీరిగ్గా దాటి, గేటు లేచేసరికి మన ఇంజను మరిగి మొరాయించింది. వెనకవాళ్లు హారన్లు కొట్టడంలో ఏ లోపమూ చేయలేదు.

ఆ ఆవిరిలో, వెనక సీట్లో గుండె పట్టుకుని అమ్మ, "చిన్నోణ్ణి ఏమీ అనకురా పెద్దోడా," అంది. ఆమె ఆఖరి మాట అదే కనుక ఏమీ అనడం లేదు.

ఆమె మంచం కింద పాత చీరలో చుట్టిన నీ ఫ్యాను దొరికింది. "పారేయకే, వాడే మళ్లీ బిగిస్తాడు," అని మీ వదినతో అనేదట. వచ్చి తీసుకెళ్లు. చీర మాత్రం ఇక్కడే ఉంచు.

అన్నయ్య