తోడు గొంతు పోయింది

కృష్ణానగర్,
సెప్టెంబరు 4

తిరుమలేశ్ మాస్టారికి, డబ్బింగ్ ఆర్టిస్టు శ్యామలాదేవి నమస్కరించి వ్రాయునది.

ఫోన్లో మాట్లాడి గొంతు అరగదీసుకోను, నాకు అన్నం పెట్టేది అదే. అందుకే ఈ ఉత్తరం. మా మనవరాలు గీతిక మీ జూబ్లీ హిల్స్ బడిలో చేరి మూడు నెలలైంది. ఇంతవరకు అక్కడ ఎవరితోనూ ఒక్క మాట లేదు. నాకు చాలా దిగులుగా ఉంది. మీరిచ్చిన ట్యాబ్‌లో ‘తోడు’ అనే అమ్మాయితో మాత్రమే మాట్లాడుతుంది. ఆ పిల్లేమో ఏ లెక్క అడిగినా సగం చెప్పి, "మిగతాది రేపు బళ్లో మనోజని అడుగు" అంటుంది. స్క్రిప్టు సగమే ఇచ్చారా?

ఇట్లు,
శ్యామలాదేవి

తా.క.: పాపం, ఆ తోడు పిల్ల ఊపిరి కూడా తీసుకోకుండా చదువుతోంది. మధ్యలో మంచినీళ్లివ్వండి.

జూబ్లీ హిల్స్,
సెప్టెంబరు 6

శ్యామలాదేవి గారికి నమస్తే.

తోడు మనిషి కాదండీ, ఏఐ. పిల్లలు దానికే అతుక్కుపోకూడదని, సగం చెప్పి మిగతా సగానికి తోటిపిల్లల దగ్గరికి పంపేలా మేమే తయారు చేయించాం. మనోజ పక్క బెంచీ అమ్మాయి. గీతిక గురించి నాకూ బెంగే. కొంచెం ఓపిక పట్టండి.

మీ,
తిరుమలేశ్

తా.క.: దయచేసి ట్యాబ్‌కు నీళ్లు పట్టకండి.

కృష్ణానగర్,
సెప్టెంబరు 20

మాస్టారూ,

ముప్ఫై ఏళ్లు హీరోయిన్లకు గొంతిచ్చాను. తెర మీద నా పేరేదని అడిగితే, నిర్మాతలూ మీలాగే "అక్కడెవరూ లేరు" అనేవారు. గొంతంటూ ఉంటే వెనకాల మనిషి ఉంటుంది. పది రోజులుగా మా ఇంట్లో తోడు మాట వినపడడం లేదు. పిల్లకి గొంతు పోయింది కదూ! గీతికతో మిరియాల కషాయం పంపుతున్నాను. తగ్గేదాకా పని చెప్పకండి.

కోపంతో,
శ్యామలాదేవి

తా.క.: యూనియన్లో చెప్పాను. సోమవారం నలుగురం వస్తున్నాం.

జూబ్లీ హిల్స్,
సెప్టెంబరు 21

అమ్మా,

ముందు యూనియన్‌ని ఆపండి. తోడుకేమీ కాలేదు. పది రోజులుగా గీతిక దాన్ని ఏమీ అడగడం లేదు, అంతే. ఆ మొదటి రోజు మిగతా సగం లెక్క కోసం నోట్సు పట్టుకుని మనోజ ముందు నిలబడింది. మనోజ "గట్ల కాదే, గిట్ల చెయ్యాలె" అని పెన్సిలు లాక్కుంది. గీతిక "నీదే తప్పు" అంది. మూడు నెలల్లో మేం విన్న మొదటి మాట అదే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తోడుని తయారు చేయించింది, ఇలా దాని అవసరం తీరిపోవాలనే.

మీ కషాయం నేనే తాగాను. గొంతు పోయింది నాకు.

నమస్తే,
తిరుమలేశ్

తా.క.: ఇది ఫిర్యాదుగా తీసుకోండి. గీతిక క్లాసులో నోరు మూయడం లేదు. ఫ్లాస్కు రేపు కూడా పంపండి.